చూపు పుణ్యం, కొనుగోలు పాపమా?

యాత్రాకథనాలు రాసే మన మిత్రులలో ఒక అలవాటును చాలాకాలంగా గమనిస్తున్నాను. ఏ నగరానికి వెళ్ళినా అక్కడి గుడి గురించి, మేడ గురించి, చిత్తరువు గురించి, వంతెన గురించి పుటలకొద్దీ రాస్తారు. అంగడి ప్రసక్తి వచ్చేసరికి మాత్రం కలానికి సిగ్గు ముంచుకొస్తుంది. "షాపింగు మీద నాకు ఆసక్తి లేదు", "ఏమీ కొనలేదు, కళ్ళారా చూసి వచ్చాం" అని ఒక వాక్యం పడేసి, దాన్నొక వ్రతనియమంలాగా ప్రకటించుకొంటారు. చూడటం సంస్కారమనీ, కొనడం లౌక్యమనీ, నాలుగు పుస్తకాలు చదివినవాడు మొదటిదానితోనే తృప్తిపడాలనీ ఇందులోని అంతరార్థం.

వెనిస్ నగరం విషయంలో ఈ అభిప్రాయం తప్పు అని నా వాదం. తప్పు మాత్రమే అయితే ఈ టపా రాసేవాణ్ణి కాను. అది ఆ ఊరికి హాని కూడా చేస్తున్నది. 2024 నవంబరులో నాలుగు రోజులు ఆ కాలువల నగరంలో ఒంటరిగా తిరిగాను. చూడవలసినవి చాలావరకు చూశాను. కొనవలసినవాటిలో నా సంచికీ నా జీతానికీ సరిపడ్డవి కొన్నాను. ఈ రెండు పనులకూ మధ్య గోడ కట్టడం అక్కడ సాధ్యం కాదని నాకు తెలిసివచ్చిన కారణాలను ఒక్కొక్కటిగా చెబుతాను. అంగీకరించనివారు ఎలాగూ వ్యాఖ్యల్లో కడిగేస్తారు.

ఊరే ఒక అంగడి

వెనిస్‌కు పొలం లేదు. మన పులికాటు వంటి ఒక ఉప్పునీటి మడుగులో, బురద దిబ్బల మీద, కొయ్య గుంజలు దిగగొట్టి, వాటిపై రాయి పరచి కట్టుకొన్న ఊరది. తాగే నీరు కూడా ఒకప్పుడు వాననీటిని ఇసుక గుండా వడగట్టి బావుల్లో పట్టుకొన్నదే. చేతిలో ఉన్నవల్లా ఉప్పూ చేపలూ. వాటిని అమ్మి తక్కినవన్నీ కొనుక్కోవలసిన స్థితిలోనుంచి ఒక గణరాజ్యం పుట్టి, 1797లో నెపోలియన్ సేనల ముందు తలవంచేదాకా సుమారు వెయ్యేళ్ళు నిలిచింది. అక్కడి చలువరాయి, బంగారు రేకు, సిందూరవర్ణం అన్నీ వర్తకపు లాభంతో వచ్చినవే. కొననివి కొన్ని ఉన్నాయి, అవి దోచుకొన్నవి. సాన్ మార్కో ఆలయం ముఖద్వారంపై కనబడే నాలుగు కంచు గుర్రాలు 1204లో కాన్‌స్టాంటినోపుల్ కొల్లగొట్టినప్పుడు చిక్కినవి (ఇప్పుడు బయట ఉన్నవి నకళ్ళు, అసలువి లోపల భద్రంగా ఉన్నాయి). ఊరి పాలక దైవమైన మార్కు మునీశ్వరుడి అస్థికలను కూడా 828లో అలెగ్జాండ్రియా నుంచి వర్తకులే తెచ్చారని ఐతిహ్యం. ఇలవేల్పునే దిగుమతి చేసుకొన్న ఊళ్ళో నిలబడి "నాకు సరుకుల మీద ఆసక్తి లేదు" అనడం ఎంత అమాయకత్వం!

రియాల్టో వంతెన చుట్టుపక్కల వీథుల పేర్లు చదవండి. కంసాలుల వీథి, సుగంధద్రవ్యాల వీథి, నారింజల రేవు, కాయగూరల రేవు. సాన్ మార్కో వైపు నడిస్తే కత్తులు చేసేవారి వీథి, అమ్ములు చేసేవారి వీథి, పెట్టెలు చేసేవారి వీథి. మన పల్లెల్లో కుమ్మరివీథి, సాలెవీథి నిలిచినట్టే అక్కడా వృత్తులు వీథుల పేర్లలో నిలిచాయి. వృత్తులు పోయాక కూడా పేర్లు మిగిలాయి. వంతెన పక్కనే సాన్ జాకొమో అనే చిన్న గుడి ఉంది. దాని వెనక గోడ మీద పాత లాటిన్ శాసనమొకటి చెక్కి ఉంది. ఈ గుడి చుట్టూ వర్తకుల ధర్మం న్యాయంగా ఉండాలి, తూకం వంగకూడదు, ఒప్పందం వంకరపోకూడదు అని దాని భావం. గుడి గోడ మీద తూకం గురించి రాసుకొన్న ఊరు! కాస్త అవతల చేపల అంగడి దగ్గర మరో పలక ఉంటుంది. ఏ చేప ఎన్ని సెంటీమీటర్లకు తగ్గితే అమ్మరాదో అందులో జాబితా. ఈ రెండు రాతలూ నాకు ఆ నగరంలోని ఏ మేడ కన్నా తక్కువగా కనబడలేదు.

చిత్రకళ కోసమే వెళ్ళామనే శుద్ధ రసజ్ఞులకు ఒక మాట. అకడేమియా చిత్రశాలలో విత్తోరే కార్పాచ్చో గీసిన పటం ఒకటుంది. పవిత్ర శిలువ మహిమ వల్ల ఒక రోగికి స్వస్థత చేకూరడం అందులోని వస్తువు. ఆ మహిమను కార్పాచ్చో పటం ఎడమవైపు పైమూలలో, ఒక మేడ వసారాలో పెట్టేశాడు. తక్కిన పటమంతా పాత కొయ్యవంతెన, పొగగొట్టాలు, పడవవాళ్ళు, పని మీద పోతున్న జనం, ఇళ్ళ బయట ఆరవేసిన బట్టలు. 15వ శతాబ్దం చివర్లో ఆ చిత్రకారుడికి రియాల్టో బజారు గీయటంలో ఏ సంకోచమూ లేదు. సంకోచం మనదే.

మోటుపల్లిలో వాళ్ళేం చూశారు?

ఇది పరదేశీయుల గోల అనుకోవద్దు. మనకూ సంబంధం ఉంది. వెనిస్ వాడైన మార్కో పోలో గ్రంథంలో ముత్ఫిలి అనే రాజ్యం వర్ణన వస్తుంది. అది చీరాల దగ్గరి మన మోటుపల్లి రేవు పేరేననీ, అక్కడ చెప్పిన రాణి కాకతీయ రుద్రమదేవేననీ చరిత్రకారుల నిర్ణయం. ఆ గ్రంథం మన దేశం గురించి ముఖ్యంగా చెప్పినవి మూడు. రాణి న్యాయపాలన, వజ్రాలు, సాలెగూడులాంటి సన్నని వస్త్రం. అంత మేలైన బట్టను ధరించడానికి ఏ రాజూ రాణీ వెనకాడరన్నంత మెప్పు అందులో ఉంది. ఆ నేతగాడెవరో మనకు తెలియదు. ఆ నూలు గురించి 13వ శతాబ్దపు యూరపుకు తెలిసిందంటే, అది సరుకును సరుకుగా చూడటం చేతనైన ఒక వర్తకుడి కన్ను చలవ. ఏడువందల ఏళ్ళ తరువాత ఆ పుటను మనం గర్వంగా చదువుకొంటున్నాం. పోలో కూడా "నాకు బట్టల మీద ఆసక్తి లేదు, గుళ్ళు మాత్రమే చూశాను" అని రాసి ఉంటే?

అదే రేవులో రుద్రమ తండ్రి గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనం సంగతి ఈ బ్లాగు చదివేవారికి కొత్త కాదు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు లాక్కొనేవారు. తాను అలా చెయ్యననీ, నిర్ణీతమైన సుంకం, అంటే ముప్పైలో ఒక వంతు, మాత్రమే పుచ్చుకొంటాననీ ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. సాన్ జాకొమో గుడి గోడమీది రాతకూ ఈ శాసనానికీ భాష వేరు, సముద్రం వేరు, బుద్ధి ఒకటే.

మన యాత్రాసాహిత్యం తొలిమెట్టు దగ్గర కూడా ఈ సిగ్గు లేదు. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రచరిత్రలో దేవళాలను ఎంత శ్రద్ధగా రాశాడో, ఏ ఊళ్ళో ఏ పదార్థాలు దొరుకుతాయో, బజారు ఎలాంటిదో అంత శ్రద్ధగా రాశాడు. అందుకే అది నేటికీ చరిత్రకారులకు పనికొస్తున్నది. ఆయన తరువాత మనం ఎక్కడో దారితప్పి, ధర రాస్తే శైలి మైలపడుతుందని అనుకోసాగాం.

"కొనేవాళ్ళే కదా ఊరిని చంపింది?"

ఇది నాకు ఎదురయ్యే మొదటి ఆక్షేపణ, బలమైనది కూడా. సాన్ మార్కో నుంచి రియాల్టోకు పోయే ఇరుకు దారుల్లో రెండువైపులా ప్లాస్టిక్ ముఖతొడుగులు, అయస్కాంతపు బిళ్ళలు, ఐదు యూరోల గాజుదండలు. ఈ చెత్తనంతా పోషిస్తున్నది షాపింగు కాదా? కాబట్టి ఏమీ కొననివాడు మేలు కాడా?

లెక్క చూద్దాం. 1951లో ఈ దీవుల నగరంలో, అంటే ఒడ్డునున్న మెస్త్రే వంటి శివార్లను వదిలేస్తే, సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కన్నా దిగువకు పడింది. రియాల్టో దగ్గరి ఒక మందుల దుకాణం అద్దాల్లో 2008 నుంచి ఊరి జనసంఖ్యను చూపించే ఒక అంకెల పలక ఉంది. జ్వరం కొలిచినట్టు ఊరి ఆయుర్దాయాన్ని కొలుస్తున్నదది. 2023కల్లా పర్యాటకుల పడకల సంఖ్య అక్కడ నివసించేవారి సంఖ్యను దాటిపోయిందని స్థానిక పౌరబృందాలు లెక్కతేల్చాయి.

అంగడి చచ్చిపోయేది ఇక్కడే. ఊళ్ళో ఉండేవాడు రొట్టె కొంటాడు, మేకు కొంటాడు, బొత్తాము కొంటాడు, చెప్పు కుట్టించుకొంటాడు. వాడు వెళ్ళిపోతే ఆ నాలుగు దుకాణాలూ వెళ్ళిపోతాయి. వాటి స్థానంలో ఉదయం వచ్చి సాయంత్రం పోయే జనానికి అమ్మగలిగిన సరుకు వస్తుంది. వెనిస్‌కు వచ్చేవారిలో అధికభాగం ఇలా ఒక్కపూట మనుషులే. ఆ మనిషి రొట్టెల దుకాణాన్ని నిలబెట్టలేడు. కాఫీ ధరలో దొరికే, చేతిసంచిలో పట్టే ఏదో వస్తువు కొంటాడు, లేదా ఏమీ కొనడు. ఏమీ కొనని ఆ పుణ్యాత్ముడు కూడా వంతెనలు తొక్కుతాడు, పడవల్లో చోటు ఆక్రమిస్తాడు, నీళ్ళసీసా పారవేస్తాడు. ఆ సీసాను వాకిట్లోనుంచి తోపుడుబండి మీదా, అక్కడనుంచి పడవ మీదా మోసుకుపోవలసిన ఊరది, లారీ తిరగదు. ఉచితమైన చూపు అనేది లేదు. ఖర్చు మనం పెట్టడం లేదంతే, అక్కడివాళ్ళు పెడుతున్నారు.

కాబట్టి దోషం కొనుగోలుది కాదు, ఏమి కొంటున్నామనేదానిది. ఐదు యూరోల దండ కొనేవాడూ, ఏమీ కొనక ఆరుగంటల్లో ఊరంతా చుట్టేసేవాడూ ఇద్దరూ నా దృష్టిలో ఒకే పడవ ప్రయాణికులు. మొదటివాణ్ణి చూసి రెండోవాడు నవ్వడం మాత్రం నాకు నచ్చదు.

మురానో గాజు, మన పోచంపల్లి

కొలుముల నిప్పు వల్ల ఊరు తగలబడుతుందన్న భయంతో 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలుములన్నిటినీ మురానో దీవికి తరలించింది. ఇప్పటికీ అక్కడ కొలుములున్నాయి. కరిగిన గాజును వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడిలో రాత్రింబవళ్ళు నిలపాలి కనుక వాటిని ఆర్పరు. 2021, 2022 సంవత్సరాలలో సహజవాయువు ధర ఆకాశానికంటినప్పుడు చాలామంది వాటిని ఆర్పుకోవలసివచ్చింది. అసలు గాజుకు 1994లో ప్రాంతీయ చట్టం ద్వారా ఒక వ్యాపారచిహ్నం కూడా ఏర్పరిచారు. దుకాణం అద్దం మీద ఆ గుర్తు కనబడుతుంది.

నేను సాన్ మార్కో దగ్గర ఒక దుకాణంలో ఐదు యూరోల గాజుదండ పట్టుకొని, ఇది మురానోలో చేసినదేనా అని అడిగాను. "మురానో తరహా" అన్నాడతను, కళ్ళు పక్కకు తిప్పుకొని. తరహా! ఈ మాట మనకెంత పరిచితం! మిల్లులో అచ్చుగుద్దిన బట్టను "పోచంపల్లి తరహా" అని అమ్మడం మనం చూడలేదా? దారానికి ముందే చిటికి కట్టి, రంగులద్ది, పోగూ పోగూ కలిపి నేసిన చీర పక్కన ఆ అచ్చుబట్టను పదోవంతు ధరకు పెట్టి నేతగాడి కడుపు కొట్టడం మీద మన బ్లాగుల్లో ఎన్ని ఆవేదనలు రాలేదు! 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టం అమలు కావడం లేదని మనం వాపోలేదా? అదే మనిషి విమానమెక్కి వెనిస్‌లో దిగగానే "ఐదు యూరోలకు వస్తుంటే యాభై పెట్టడం దేనికి" అంటాడు. పోచంపల్లికొక నీతి, మురానోకొక నీతి.

ఇందులో మరో విశేషముంది. వస్తువు పేరుకు ఊరి హక్కును కట్టిపెట్టే భౌగోళిక గుర్తింపు చట్టాన్ని భారతదేశం 1999లోనే చేసింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో ఆ గుర్తింపు దక్కింది. యూరోపియన్ యూనియను జున్నుకూ ద్రాక్షసారాయికీ ఆ రక్షణ ఎప్పుడో ఇచ్చుకొన్నా, చేతిపనుల వస్తువులకు యూనియను మొత్తానికి వర్తించే చట్టం 2023లో చేసి, 2025 డిసెంబరునుంచి అమలు చేసింది. ఈ ఒక్క విషయంలో మనం వాళ్ళకు ముందున్నాం. ముందున్న దేశం నుంచి వెళ్ళినవాడు అసలూ నకలూ తేడా అడగటానికి మొహమాటపడనక్కరలేదు.

నేను కొన్నది ఒక చిన్న పూసలదండ. ఒక మహిళ బల్ల ముందు కూర్చొని, దీపపు సెగలో రంగుగాజు కడ్డీని కరిగించి, సన్నని లోహపు తీగ చుట్టూ తిప్పుతూ పూస చేస్తున్నది. ఒక్కొక్క పూసకు ఎంతసేపు పడుతుందో అరగంట నిలబడి చూశాను. గాజుపూసల ఈ కళను యునెస్కో 2020లో మానవాళి అమూర్త వారసత్వంగా గుర్తించింది. దండకు 38 యూరోలు. బేరం ఆడలేదు. ఆమె పని నేను కళ్ళతో చూసినంతసేపు ఏ చిత్రశాలలోనూ ఏ పటాన్నీ చూడలేదు. కొనదలచుకోబట్టే అంతసేపు చూశాను. ఉత్త సందర్శకుణ్ణయితే ఒక ఫోటో తీసుకొని కదిలిపోయేవాణ్ణి. కొనుగోలు చూపును చెడగొడుతుందనేవారికి ఇదే నా సమాధానం. డబ్బు చేతిలోనుంచి పోయేటప్పుడు కన్ను నిద్రపోదు.

బురానో లేసు, మన నరసాపురం

వెనిస్ ఉత్తరపు రేవునుంచి పన్నెండో నంబరు పడవ ఎక్కితే ముప్పావుగంటలో బురానో దీవి. ఇళ్ళకు వేసిన రంగుల కోసం అందరూ వెళతారు. నేను లేసు కోసం వెళ్ళాను. అక్కడిది సూదితో, ఆధారపు గుడ్డ లేకుండా, గాలిలో కుట్టినట్టు కుట్టే లేసు. ఒక్కొక్క రకం కుట్టులో ఒక్కొక్కరు ఆరితేరినవారు కనుక ఒకే ముక్క ఎన్నో చేతులు మారుతుంది. 19వ శతాబ్దంలో ఆ విద్య దాదాపు అంతరించి ఒక వృద్ధురాలి వేళ్ళలో మిగిలితే, 1872లో పాఠశాల పెట్టి బతికించారు. ఆ పాఠశాల భవనంలోనే ఇప్పుడు లేసు మ్యూజియము.

గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ణి కనుక నాకు బురానోలో నరసాపురం గుర్తుకు రాక మానదు. మనదీ కాలువల సీమే, మనదీ లేసే. మనది కొక్కెపు సూదితో అల్లేది, అంతే తేడా. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో వచ్చిన ఆ పని పశ్చిమగోదావరి పల్లెల్లో వేలాది స్త్రీల చేతుల్లోకి చేరింది. వారు అల్లింది యూరపు బల్లల మీద పరుచుకొన్నది. జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకం రాసింది. వారిని కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకొనే గృహిణులుగా లెక్కగట్టడం వల్లనే ఆ కూలి అంత హీనంగా ఉండగలిగిందని ఆమె నిరూపించింది. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో వచ్చింది.

బురానోలో పడవ దిగగానే బల్లల మీద గుట్టలుగా పోసిన లేసు రుమాళ్ళు కనబడతాయి. అంత చవకగా, అన్ని గుట్టలుగా దొరికేది ఆ దీవి స్త్రీల సూదిపని కాజాలదు. చాలామటుకు యంత్రంమీద, ఎక్కడో దూరదేశంలో అయినది. ఆ చవకలో ఏ ఊరి స్త్రీ కూలి దాగి ఉందో కొన్నవాడు అడగడు. అసలు సూదిపని ఉన్న దుకాణంలోకి కూడా వెళ్ళాను. అరచేతిలో పట్టే పువ్వు ఒకటి నా ప్రయాణపు మిగులు మొత్తం కన్నా ఎక్కువ ధర. నేను కొనలేదు. ఆ దుకాణపు పెద్దావిడ ఏమీ అనుకోలేదు, పువ్వును వెలుతురుకు పెట్టి ఏ కుట్టు ఏదో ఓపిగ్గా చూపింది. కొనలేనిదాన్ని కొనకుండా రావడంలో అవమానమేమీ లేదు. దాని నకలు కొని అసలుదని ఇంట్లో చెప్పుకోవడమే అవమానం.

"ఇదంతా డబ్బున్నవాళ్ళ మాట"

రెండో ఆక్షేపణ ఇది. కనుక నా ఖర్చు రాస్తాను. 72 గంటల పడవ టిక్కెట్టుకు 45 యూరోలు. ఒక్కొక్క ప్రయాణానికైతే 9.50. గొండోలా పడవకు పగలు అరగంటకు 90 యూరోలు. మనిషికి కాదు ఆ లెక్క, పడవ మొత్తానికి. ఐదుగురు కలిసి ఎక్కితే తలా 18. నావంటి ఒంటరి బాటసారి మాత్రం 90 చెల్లించవలసిందే. నేను ఎక్కలేదు. పెద్ద కాలువ మీద వంతెనలు నాలుగే కనుక, నడుమ నడుమ మనుషుల్ని అవతలి ఒడ్డుకు చేర్చే త్రగెత్తో అనే దాటుపడవలున్నాయి. అవీ గొండోలాల వంటివే, ఇద్దరు పడవవాళ్ళు తెడ్డు వేస్తారు, మనకు 2 యూరోలు. మన గోదావరి రేవు దాటినట్టే రెండు నిమిషాల్లో దాటించారు. పడవ అంటే అలంకారం కాక ప్రయాణ సాధనమని తెలుసుకోవడానికి ఆ 2 యూరోలు చాలు.

బస ఒక మఠంవారి అతిథిగృహంలో. మధ్యాహ్నపు తిండి రియాల్టో బజారులో కొన్న పళ్ళూ రొట్టే. అలా మిగిలిన దానితోనే పూసల దండ వచ్చింది. ఇరవై అయస్కాంతపు బిళ్ళల వెల ఇంచుమించు అంతే. ఇది ధనికుల వాదం కాదు. తక్కువ కొను, ఆ ఊళ్ళో చేసింది కొను, చేసిన మనిషికి పూర్తి వెల ఇయ్యి అన్నది నిజానికి పొదుపరి వాదం.

"మరి ఇంట్లోవాళ్ళకో?" అంటారు. ఊరెళ్ళి వట్టి చేతుల్తో రావడం మనవాళ్ళలో తప్పే, కాదనను. పిన్నికి, బాబాయికి, పక్కింటి పిల్లలకు, ఆఫీసులో పదిమందికి తలా ఒకటి పంచిపెట్టాలి. అయితే మన పెద్దలు కాశీనుంచి ఏమి తెచ్చేవారు? మూతి మాటేసిన రాగి చెంబులో గంగ, నల్లని కాశీదారాలు. తిరుపతి నుంచి లడ్డు తెస్తారు, దానికి 2009లో భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తిరుపతి తరహా లడ్డు ఎవరైనా తెచ్చి ప్రసాదమని పెడితే కళ్ళకద్దుకొంటామా? ప్రసాదానికి ఉన్న నియమమే కానుకకూ పెట్టుకొందాం. నేను ఆఫీసుకు ఒక డబ్బా వెనిస్ బిస్కట్లు, ఆ ఊరి రొట్టెలవాడు చేసినవి, తెచ్చాను. అందరికీ సరిపోయాయి. ఒకరిద్దరు నోరు తిరగని వాటి పేరు కూడా నేర్చుకొన్నారు.

చూపు మీద సుంకం

తప్పంతా యాత్రికుడి మీదే రుద్దడం నా ఉద్దేశం కాదు. ఇళ్ళను పడకలుగా మార్చుకోనిచ్చింది అక్కడి పాలకులే. రియాల్టో పక్కన జర్మను వర్తకుల సత్రమొకటి ఉంది. 1505లో తగలబడితే వెంటనే తిరిగి కట్టారు, 20వ శతాబ్దంలో ఊరి పెద్ద తపాలా కార్యాలయమైంది. 2016లో దాన్ని విలాస వస్తువుల మహా దుకాణం చేశారు, ప్రపంచంలో ఏ విమానాశ్రయంలోనైనా దొరికే సరుకే అందులో పెట్టారు. 2025లో అది మూతపడింది. ఉత్తరాలు పోస్టు చేసుకొనే చోటు పోయి, అత్తరు సీసాల చోటు వచ్చి, అదీ పోయింది. కొనుగోలును సమర్థించే నేను ఈ రకపు కొనుగోలును సమర్థించలేను. అక్కడ చూపుకు గానీ చేతికి గానీ ఆ ఊరు తగలదు.

2024 వసంతంలో ఆ నగరం రాత్రి బస చెయ్యని సందర్శకుల మీద 5 యూరోల ప్రవేశరుసుము పెట్టింది, ఎంచిన 29 రోజులకు. 2025లో దాన్ని 54 రోజులకు పెంచి, చివరి నిమిషంలో వచ్చేవారికి 10 యూరోలు చేసింది. చూపు ఉచితం కాదన్న నా మాటనే ఊరు కూడా ఒప్పుకొన్నదని సంతోషించవచ్చు. నాకు సంతోషం కలగలేదు. గణపతిదేవుడు ముప్పైలో ఒక వంతు సుంకం సరుకు మీద వేశాడు. సరుకు మీద సుంకం వేసే ఊరు వర్తక నగరం. చూపు మీద సుంకం వేసే ఊరు ప్రదర్శనశాల. టిక్కెట్టు కొన్నవాడికి ఊరితో ఋణం తీరిపోయిందనిపిస్తుంది, ఇక రొట్టెలవాడూ పూసలావిడా వాడికి బొమ్మకొలువులో బొమ్మలే. "ఏమీ కొనలేదు, చూసివచ్చాం" అనే మన రసజ్ఞుడికి సరిగ్గా సరిపోయే ఏర్పాటు ఇది. వాడు కోరుకొన్న వెనిస్ ఇదే, మనుషులు లేని వెనిస్.

కాబట్టి యాత్రలు చేసి రాసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట మీరు ఏ ఊరు వెళ్ళినా, అక్కడి గుడి ఎత్తుతో పాటు అక్కడి వస్తువు వెల కూడా రాయండి. దాన్ని ఎవరు చేశారో, చేయడానికి ఎంతసేపు పట్టిందో, మీరు బేరం ఆడారో లేదో రాయండి. కొనలేకపోతే కొనలేకపోయానని రాయండి. వీరాస్వామయ్య రాశాడు, వెనిస్ నుంచి వచ్చినవాడు మన సాలెగూడు బట్ట గురించి రాశాడు. "షాపింగు మీద ఆసక్తి లేదు" అనే వాక్యాన్ని మాత్రం దయచేసి కొట్టివేయండి. అందులో వైరాగ్యం ఏమీ లేదు, ఎవరో చేసిన పనిని చూడ నిరాకరించడం ఉంది.

ప్రతివాదాలకు వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది.